బ్యాంకాక్‌లో ఏటీఎం ముందు నిలబడేలోపే చూసుకోవాల్సిన లెక్క

మొదటిసారి థాయ్‌లాండ్ వెళ్లినప్పుడు నాకూ, మా బావమరిదికీ ఒకటే భయం. జేబులో ఎక్కువ డబ్బు పెట్టుకుంటే ఎవడైనా కొట్టేస్తాడేమోనని. అందుకని రోజుకి రెండు వేల బాత్ (అక్కడి కరెన్సీ) చొప్పున ఏటీఎంలో తీసుకుంటూ గడిపాం. ఐదు రోజులు, ఐదు సార్లు. ఇంటికొచ్చాక స్టేట్‌మెంట్ చూసి వాడు ఫోన్ చేశాడు. "బావా, మనం వాడింది పది వేల బాత్. అకౌంట్లోంచి పోయింది పన్నెండు వేల దాకా ఉంది. ఏ దొంగో వచ్చినా ఒక్క రోజు డబ్బే పట్టుకుపోయేవాడు కదా!"

ఆ స్టేట్‌మెంట్ ముందేసుకుని ఒక్కో పద్దూ విడదీస్తే అర్థమైంది. మన డబ్బు మన చేతికి వచ్చేలోపు దానికి ఒక కోత కాదు, మూడు కోతలు పడుతున్నాయి. ఇంటర్నెట్‌లో "జీరో ఫీజు" అని కనిపించే ప్రకటనలు చాలావరకు వీటిలో ఒకదాని గురించే మాట్లాడతాయి, మిగతా రెండిటి ఊసెత్తవు.

మొదటి కోత మన బ్యాంకుది. అందులోనూ రెండు ముక్కలున్నాయి. విదేశంలో డెబిట్ కార్డుతో ఒకసారి డబ్బు తీస్తే, ఎంత తీసినా సరే, బ్యాంకుని బట్టి ₹100 నుంచి ₹150 దాకా వేస్తారు. పైన మొత్తం మీద 3.5 శాతం దాకా మార్కప్, అంటే కరెన్సీ మార్చినందుకు అదనంగా వేసేది. ఈ రెండిటి మీదా 18 శాతం జీఎస్టీ. రెండో కోత అక్కడి ఏటీఎం యజమానిది. థాయ్‌లాండ్‌లో బయటి దేశాల కార్డులకి చాలా ఏళ్లుగా 220 బాత్ అనేది మామూలు రేటు, ఈమధ్య కొన్ని మిషన్లలో ఇంకాస్త పెరిగింది. రెండు వేలు తీసినా, ఇరవై వేలు తీసినా అదే. మూడోది స్క్రీన్ మీద మర్యాదగా అడిగి మరీ వేసే కోత. దాని సంగతి కొంచెం ఆగి చెప్తాను.

ఇప్పుడు అసలు పోలిక. రేట్లు రోజూ మారతాయి కాబట్టి లెక్క కోసం ఒక బాత్ ₹2.75 అనుకుందాం. మనకి కావాల్సింది పది వేల బాత్, అంటే ₹27,500.

మామూలు డెబిట్ కార్డుతో అయితే?

ఒకేసారి పది వేలు తీశాం అనుకోండి. ఏటీఎం ఫీజు 220 బాత్ కూడా కలిపే మన అకౌంట్లో పడుతుంది, కాబట్టి బ్యాంకు దృష్టిలో మనం తీసింది 10,220 బాత్. దాని మీద 3.5 శాతం మార్కప్ దాదాపు ₹984, ఆ మార్కప్ మీద జీఎస్టీ ₹177. బ్యాంకు ఫ్లాట్ ఛార్జీ ₹125 అనుకుంటే జీఎస్టీతో ₹147. ఏటీఎం వాడిది ₹605. అన్నీ కూడితే ₹1,900 పైచిలుకు. అంటే దగ్గర దగ్గర 7 శాతం.

ఇదే పది వేలని మేం తీసినట్టు ఐదు ముక్కలుగా తీస్తే? ఏటీఎం ఫీజే ₹3,025. బ్యాంకు ఫ్లాట్ ఛార్జీలు ₹737. మార్కప్, దాని మీద జీఎస్టీ కలిపి ₹1,260. మొత్తం ₹5,000 దాటింది, 18 శాతం పైనే. కార్డు అదే, బ్యాంకు అదే, మనుషులూ మేమే. మారింది ఎన్నిసార్లు తీశామన్నది ఒక్కటే. అందుకే ఎవరైనా "ఏ కార్డు మంచిది" అని అడిగితే, "ఎన్నిసార్లు తీద్దామనుకుంటున్నారు" అని తిరిగి అడుగుతాను.

ఒకేసారి తీసే పద్ధతుల్లో, క్రెడిట్ కార్డుతో ఏటీఎంలో నగదు తీయడం అన్నిటికంటే ఖరీదైన దారి. క్యాష్ అడ్వాన్స్ ఫీజు చాలా కార్డులకి 2.5 శాతం, కనీసం ₹500. దాని మీద మార్కప్. వస్తువు కొన్నప్పుడు దొరికే 45-50 రోజుల వడ్డీ లేని గడువు నగదుకి మామూలుగా ఉండదు, తీసిన రోజు నుంచే నెలకి 3.5 శాతానికి అటూ ఇటూగా వడ్డీ నడుస్తుంది. పైన లెక్కకి నెల రోజుల వడ్డీ కలిపి చూస్తే ₹3,800 దాకా తేలుతుంది. ఆస్పత్రి లాంటి అవసరం పడితే తప్ప వద్దు. హోటల్ బిల్లుకి, మాల్‌లో కొనడానికి క్రెడిట్ కార్డు గీకడం వేరే సంగతి, దానికి మార్కప్ ఒక్కటే పడుతుంది.

జీరో మార్కప్ కార్డులు

ఈ మధ్య కుర్రాళ్లందరి దగ్గరా ఇవే ఉన్నాయి. నియో గ్లోబల్, ఐడీఎఫ్‌సీ ఫస్ట్ వావ్, స్కేపియా, ఆర్‌బీఎల్ వరల్డ్ సఫారీ లాంటివి. వీటిలో 3.5 శాతం మార్కప్ ఉండదు, వీసా లేదా మాస్టర్‌కార్డ్ ఆ రోజు నిర్ణయించిన రేటుకే లెక్క కడతారు. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. వీటిలో కొన్ని డెబిట్ కార్డులు, కొన్ని క్రెడిట్ కార్డులు. జీరో మార్కప్ క్రెడిట్ కార్డు షాపులో గీకడానికి బంగారం లాంటిది. కానీ దాంతో ఏటీఎంలో డబ్బు తీస్తే మార్కప్ ఒక్కటే పోయింది, క్యాష్ అడ్వాన్స్ ఫీజూ వడ్డీ ఎక్కడికీ పోలేదు. కొన్ని బ్యాంకులు నగదుకి కూడా వడ్డీ లేని గడువు ఇస్తాయి, అది వాళ్ల ఛార్జీల పట్టికలో ఉందో లేదో కళ్లతో చూసుకున్నాకే నమ్మండి.

డెబిట్ రకం జీరో మార్కప్ కార్డు ఉండి, ఆ బ్యాంకు ఫ్లాట్ ఛార్జీ కూడా వేయకపోతే, పది వేల బాత్‌కి పోయేది అక్కడి ఏటీఎం వాడి ₹605 మాత్రమే. ఇరవై వేలు ఒకేసారి తీస్తే అదే ₹605 ఒక శాతానికి దిగుతుంది. మిషన్‌ని బట్టి ఒక్కసారికి ఇరవై, ముప్పై వేల దాకా ఇస్తాయి. మన కార్డుకి రోజువారీ పరిమితి ఎంత ఉందో ముందే చూసుకోవాలి, లేకపోతే మిషన్ ఇస్తానన్నా మన బ్యాంకు ఒప్పుకోదు.

ఫారెక్స్ కార్డు విషయంలో నా అభిప్రాయం చాలామందికి నచ్చదు

ట్రావెల్ ఏజెంట్లు ముందుగా చేతిలో పెట్టేది ఇదే, విదేశీ డబ్బు ముందే నింపుకుని వాడుకునే కార్డు. దీని గొప్పతనం ఒకటుంది: ఈ రోజు రేటుకి లోడ్ చేస్తే, రేపు రూపాయి పడిపోయినా మనకి సంబంధం లేదు. కార్డు పోయినా మన అసలు సేవింగ్స్ అకౌంట్ భద్రంగా ఉంటుంది. అమెరికాకో, యూరప్‌కో చదువుకోవడానికి వెళ్లే పిల్లలకి మొదటి రెండు నెలల ఖర్చుకి ఇది నిజంగా పనికొస్తుంది, ఎందుకంటే డాలర్లు లోడ్ చేసి డాలర్లే ఖర్చు పెడతారు.

థాయ్‌లాండ్ లాంటి చోటికి మాత్రం జాగ్రత్తగా చూడాలి. లోడ్ చేసే రేటులోనే ఒకటి రెండు శాతం తేడా దాగి ఉంటుంది. ఏటీఎంలో తీస్తే కార్డు ఇచ్చిన బ్యాంకు రెండు డాలర్ల దాకా ఫీజు వేస్తుంది, అక్కడి 220 బాత్ ఎలాగూ తప్పదు. నేను వేసిన లెక్కలో పది వేల బాత్‌కి ₹1,250 దాకా వచ్చింది, మామూలు డెబిట్ కంటే నయమే. కానీ ఇది బాత్ లోడ్ చేస్తేనే. చాలామంది చేసే పని ఏమిటంటే డాలర్లు లోడ్ చేయించుకుని బ్యాంకాక్‌లో బాత్ తీయడం. అప్పుడు క్రాస్ కరెన్సీ ఛార్జీ అని ఇంకో 2 నుంచి 3.5 శాతం పడుతుంది. ఆ ఛార్జీ ఎక్కువున్న కార్డయితే మొత్తం రెండు వేలు దాటి మామూలు డెబిట్ కార్డుని కూడా మించిపోతుంది. వియత్నాం డాంగ్ లాంటివి మన ఫారెక్స్ కార్డుల్లో మామూలుగా లోడ్ అవ్వవు కాబట్టి హనోయ్, డానాంగ్ వెళ్లేవాళ్లకి ఈ దెబ్బ తప్పదు. ఏజెంట్ "మల్టీ కరెన్సీ కార్డు సార్" అంటే, మీరు వెళ్లే దేశం కరెన్సీ అందులో ఉందో లేదో అడగండి. ఆ ఒక్క ప్రశ్నతో సగం పని అయిపోతుంది.

పాత పద్ధతి: నోట్లు పట్టుకెళ్లడం

కార్డులన్నీ చూశాక నేను మళ్లీ మా నాన్నగారి పద్ధతికే వచ్చాను. డాలర్ నోట్లు కొనుక్కుని వెళ్లి బ్యాంకాక్‌లో మార్చుకోవడం. అక్కడ మనీ ఛేంజర్ల మధ్య పోటీ ఎంత ఉందంటే కొనే రేటుకీ అమ్మే రేటుకీ తేడా చాలా సన్నగా ఉంటుంది. ప్రతునాం, రాచదమ్రి వైపు సూపర్‌రిచ్ లాంటి దుకాణాల ముందు మనవాళ్లు వరసగా నిలబడి కనిపిస్తారు. సువర్ణభూమి ఎయిర్‌పోర్టులో దిగగానే కనిపించే బ్యాంకు కౌంటర్ల దగ్గర మార్చకండి. కిందకి, సిటీకి రైలు ఎక్కే బేస్‌మెంట్ అంతస్తుకి వెళ్తే ఇవే ఛేంజర్ల చిన్న కౌంటర్లుంటాయి, రేటులో తేడా మీకే కనిపిస్తుంది. పాస్‌పోర్ట్ అడుగుతారు, దగ్గర పెట్టుకోండి.

వంద డాలర్ల నోటుకి మంచి రేటు, యాభైకి కాస్త తక్కువ, పది, ఐదు, ఒకటికి ఇంకా తక్కువ ఇస్తారు. మనం ఇక్కడ కొనేటప్పుడే వందలు అడగాలి. మడతలు పడి, చిరిగి, ఇంకు గీతలున్న నోట్లు తీసుకోవద్దు. మన దగ్గర పది రూపాయల నోటు ఎంత నలిగినా చెల్లుతుంది, అక్కడ డాలర్ నోటుకి ఆ మర్యాద లేదు.

డాలర్లు ఎక్కడ కొనాలి? శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ లోపల మాత్రం కాదు. బ్యాంకులోనో, బషీర్‌బాగ్, బేగంపేట వైపు లైసెన్స్ ఉన్న ఫారెక్స్ ఆఫీసులోనో కొనండి. ముందు గూగుల్‌లో ఆ రోజు రేటు చూసుకుని, ఇద్దరు ముగ్గురికి ఫోన్ చేసి "దాని మీద ఎంత వేస్తున్నారు" అని నేరుగా అడగండి. బేరం ఆడితే తగ్గుతుంది, మొహమాటం అక్కర్లేదు. డాలర్ మీద ఒక శాతం, ఒకటిన్నర శాతంలో తెగితే బాగా కొన్నట్టే. లక్ష లోపు మార్పిడికి జీఎస్టీ ₹45 నుంచి ₹180 మధ్యే ఉంటుంది, అంతకంటే ఎక్కువ చెప్తే రసీదు చూపించమనండి. మన ఊళ్లోనే బాత్ కొనేయొచ్చు కదా అంటే, కొనొచ్చు గానీ డాలర్ మీద ఉన్నంత సన్నటి రేటు బాత్ మీద దొరకదు. నేను దిగగానే టాక్సీకి, సిమ్‌కి సరిపడా రెండు వేల బాత్ మాత్రమే ఇక్కడ కొంటాను.

రెండు వైపులా పోయేది కలిపితే పది వేల బాత్‌కి నాకు ₹400 నుంచి ₹550 మధ్య తేలింది. జీరో మార్కప్ డెబిట్‌తో ఒకేసారి తీసిన దానికి దాదాపు సమానం. తేడా ఏంటంటే, నోట్లు పోతే పోయినట్టే, కార్డు పోతే ఫోన్‌లో బ్లాక్ చేయొచ్చు. భార్యాపిల్లలతో వెళ్తే నోట్లని ఇద్దరి దగ్గరా పంచి పెట్టడం, హోటల్ గదిలో లాకర్ ఉంటే వాడటం, ఇవన్నీ మీకు కొత్తగా చెప్పక్కర్లేదు.

రూల్స్ క్లుప్తంగా: మామూలుగా ఒక ప్రయాణానికి మూడు వేల డాలర్ల దాకా నోట్ల రూపంలో కొనుక్కోవచ్చు, అంతకు మించి కావాలంటే కార్డులో వేసుకోవాలి. ₹50,000 లోపే రూపాయల నగదు ఇచ్చి ఫారెక్స్ కొనగలం, ఆపైన అకౌంట్ నుంచే కట్టాలి. పాన్, పాస్‌పోర్ట్, టికెట్ అడుగుతారు. ఏడాదికి పది లక్షల లోపు ఫారెక్స్ మీద టీసీఎస్ (అమ్మేవాళ్లే ముందుగా వసూలు చేసే పన్ను) లేదు, 2025 ఏప్రిల్ నుంచి ఈ పరిమితి ఏడు నుంచి పది లక్షలకి పెరిగింది. రూపాయి నోట్లు దేశం దాటించడానికి ₹25,000 పరిమితి ఉంది. బ్యాంకాక్‌లో మన ఐదొందల నోట్లు కూడా మారుస్తారు గానీ ఆ రేటు చూస్తే మనసు కలుక్కుమంటుంది.

స్క్రీన్ మీద వచ్చే ఆ తియ్యటి ప్రశ్న

మూడో కోత ఇదే. ఏటీఎంలో పిన్ కొట్టి మొత్తం ఎంచుకున్నాక స్క్రీన్ మీద ఒక లెక్క వస్తుంది. పది వేల బాత్, మీ రూపాయల్లో ఇంత, ఈ రేటు గ్యారంటీ, ఒప్పుకుంటారా అని. రూపాయల్లో కనబడగానే మనకి ప్రాణం లేచొస్తుంది, "యాక్సెప్ట్" నొక్కేస్తాం. దీన్ని డైనమిక్ కరెన్సీ కన్వర్షన్ అంటారు. ఆ రేటు వేసేది మన బ్యాంకూ కాదు, వీసా వాడూ కాదు, ఆ ఏటీఎం తరపున ఉన్నవాళ్లు. వాళ్ల ఇష్టం ఎంతయితే అంత, ఐదు శాతం కంటే ఎక్కువ కలిపిన రేట్లు నేనే చూశాను. మీ చేతిలో జీరో మార్కప్ కార్డున్నా సరే, ఇక్కడ రూపాయలు ఎంచుకుంటే ఆ జీరో గాల్లో కలిసిపోయినట్టే. పైగా విదేశంలో రూపాయల్లో జరిగిన లావాదేవీకి మన దగ్గర కొన్ని బ్యాంకులు విడిగా ఒక శాతం వేస్తున్నాయి కూడా.

"డిక్లైన్ కన్వర్షన్" లేదా "కంటిన్యూ వితౌట్ కన్వర్షన్" అని ఉన్నది నొక్కండి. డిక్లైన్ అనే మాట చూసి లావాదేవీయే రద్దయిపోతుందేమో అని చాలామంది భయపడతారు, మా అత్తయ్యగారు సహా. రద్దు కాదు, డబ్బు వస్తుంది. షాపులో కార్డు మిషన్ ఇచ్చి "రూపీ ఆర్ బాత్?" అని అడిగినా జవాబు బాతే.

డబ్బు రాకుండా అకౌంట్లో కట్ అయితే మాత్రం ఓపిక కావాలి. మన దేశంలో ఏటీఎం తప్పిదానికి ఐదు రోజుల్లో తిరిగి వేయకపోతే రోజుకి ₹100 పరిహారం ఇవ్వాలన్న రిజర్వ్ బ్యాంక్ నియమం దేశం లోపలి లావాదేవీలకే వర్తిస్తుంది. అందుకే నేను బ్యాంకు శాఖకి ఆనుకుని ఉన్న ఏటీఎంలో, పగటిపూట మాత్రమే తీస్తాను. రసీదు రాకపోతే స్క్రీన్‌ని ఫొటో తీసుకుంటాను. కొన్ని మిషన్లు డబ్బు ఇచ్చాకే కార్డు బయటికి తోస్తాయి, నోట్లు లెక్కపెట్టుకుంటూ కార్డు వదిలేసి నడిచిపోకండి.

బయల్దేరే ముందు ఇంకో చిన్న పని. మన కార్డుల్లో విదేశీ వాడకం ముందుగానే ఆఫ్ చేసి ఉంటుంది, 2020 నుంచి ఇదే పద్ధతి. బ్యాంకు యాప్‌లో ఇంటర్నేషనల్ ఏటీఎం అనే మీట ఆన్ చేసి, పరిమితి పెట్టుకోవాలి. ఇది ఇంటి దగ్గరే చేయండి. అక్కడికి వెళ్లాక మన సిమ్‌కి ఓటీపీ రాక యాప్ తెరుచుకోక పడే టెన్షన్ మాటల్లో చెప్పలేం. రూపే కార్డున్నవాళ్లు అది ఇంటర్నేషనల్ రకమో కాదో చూసుకోండి.

వేరే దేశాలకైతే

ఈ లెక్కంతా థాయ్‌లాండ్‌ది. దేశం మారితే జవాబూ మారుతుంది. దుబాయ్‌కి డాలర్లు పట్టుకెళ్లి మార్చుకోవడంలో అర్థం లేదు. గల్ఫ్ రాకపోకల వల్ల దిర్హమ్ మన దగ్గర తేలిగ్గా దొరుకుతుంది, నేరుగా అదే కొనుక్కోండి. బ్రిటన్‌లో బ్యాంకుల ఏటీఎంలు చాలావరకు ఫీజు వేయవు, చిన్న దుకాణాల్లో గోడకి పెట్టిన మిషన్లే వేస్తాయి, ఎంతన్నది ముందే చూపిస్తాయి. కాబట్టి అక్కడ జీరో మార్కప్ డెబిట్ ఒక్కటి చాలు, నోట్ల మోత అక్కర్లేదు. యూరప్‌లో టూరిస్టులు తిరిగే వీధుల్లో ఏ బ్యాంకుకీ చెందని మిషన్లు రంగురంగుల్లో పిలుస్తుంటాయి, వాటిని దాటి అసలు బ్యాంకు శాఖ దాకా నడవండి. అమెరికాలో ఏటీఎం వాడి ఫీజు తప్పదు, కానీ అక్కడ నగదు అవసరమే తక్కువ.

సింగపూర్, యూఏఈ, నేపాల్, భూటాన్, శ్రీలంక, మారిషస్ వెళ్లేవాళ్లు చాలా షాపుల్లో మన యూపీఐతోనే కట్టేయొచ్చు. శ్రీలంక, మారిషస్‌లలో 2024 ఫిబ్రవరిలో మొదలైంది. యాప్‌లో యూపీఐ ఇంటర్నేషనల్ ఆన్ చేసుకోవాలి, బ్యాంకు ఏదైనా మార్కప్ వేస్తుందేమో కట్టే ముందు కనిపించే మొత్తంలో చూసుకోవాలి. నగదు ఇవ్వదు గానీ, నగదు అవసరాన్ని సగానికి తగ్గిస్తుంది.

అమెరికాలో ఉంటూ సెలవులకి ఇక్కడికి వచ్చే మనవాళ్లకి ఒక మాట. చార్ల్స్ ష్వాబ్ ఇన్వెస్టర్ చెకింగ్ అకౌంట్ డెబిట్ కార్డుకి విదేశీ లావాదేవీ ఫీజు లేదు, ప్రపంచంలో ఏ ఏటీఎం వాడు ఫీజు వేసినా నెలాఖరుకి తిరిగి జమ చేస్తారు. మా కజిన్ గుంటూరులో దిగి పెళ్లి ఖర్చులన్నీ దాంతోనే తీసుకున్నాడు. ఒక్కసారికి పది వేలకి మించి ఇవ్వని ఏటీఎం ముందు మళ్లీ మళ్లీ నిలబడటమే వాడి కష్టం, ఫీజు కాదు.

ఈసారి మేం ఏం పట్టుకెళ్తున్నామంటే

వచ్చే నెల మళ్లీ బ్యాంకాక్, అక్కడి నుంచి క్రాబీ. ఇద్దరు పెద్దవాళ్లు, ఇద్దరు పిల్లలు, ఆరు రోజులు. వంద డాలర్ల నోట్లు ఐదు, రెండు వేల బాత్, ఒక జీరో మార్కప్ డెబిట్, హోటళ్లకి ఒక క్రెడిట్ కార్డు. నోట్లు అయిపోతే డెబిట్‌తో ఒకే ఒక్కసారి తీస్తాం, అదీ పది వేలకి తగ్గకుండా. బావమరిది మాత్రం ఫారెక్స్ కార్డే అంటున్నాడు, బాత్ లోడ్ చేయించుకున్నాడట, సరే కానీ.

మిగిలిన డాలర్లు తిరిగొచ్చాక అమ్మడానికి తొందర లేదు, రెండు వేల డాలర్ల దాకా ఇంట్లోనే ఉంచుకోవచ్చు, అంతకు మించితే 180 రోజుల్లో అమ్మేయాలి. బాత్ నోట్లు మిగిలితే అక్కడి ఛేంజర్ దగ్గరే డాలర్లు చేయించుకుని రండి. నాణేలు ఎవరూ తీసుకోరు. వాటిని తిరుగు ప్రయాణంలో పిల్లల చేతిలో పోసి ఎయిర్‌పోర్ట్ కింది అంతస్తులో ఏదో ఒక తినుబండారం కొనుక్కోమంటాం.